నెగెటివ్ తల్లి, పాజిటివ్ బిడ్డ: తొంభై ఏళ్ల పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది?

పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు జాతకంతో పాటు రక్తం గ్రూపు కూడా అడిగే ఇళ్లు ఇప్పుడు కొత్త కాదు. భార్యాభర్తలది ఒకే గ్రూపు అయితే పిల్లలు సరిగా పుట్టరన్న నమ్మకం తెలుగు నాట బాగా పాతుకుపోయింది. దానికి ఎలాంటి ఆధారమూ లేదు. బి పాజిటివ్ అమ్మాయి బి పాజిటివ్ అబ్బాయిని నిశ్చింతగా చేసుకోవచ్చు. నెగెటివ్ అమ్మాయికి నెగెటివ్ భర్తే దొరికితే ఇక్కడ చెప్పుకోబోయే ముప్పు అసలే ఉండదు. దీన్ని మేనరికంతో కలిపి మాట్లాడటం మరో గందరగోళం. మేనరికం వల్ల వచ్చే జన్యు జబ్బుల ముప్పు నిజమే కానీ దాని లెక్క వేరు. ఆ మాటకొస్తే నెగెటివ్ అమ్మాయి మేనబావను చేసుకుంటే, అతనూ నెగెటివ్ అయ్యే అవకాశం బయటి సంబంధంలో కంటే కొంచెం ఎక్కువే.

జాగ్రత్తపడవలసిన జత ఒక్కటే. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, కడుపులో బిడ్డ ఆర్‌హెచ్ పాజిటివ్. ఒకప్పుడు ఈ జత ఎన్నో ఇళ్లలో రెండో బిడ్డను, మూడో బిడ్డను వరసగా తీసుకుపోయింది. ఇవాళ దీన్ని దాదాపు పూర్తిగా ఆపవచ్చు. కడుపులోని బిడ్డను ఒక రోగిగా చూడటం, ఉమ్మనీరు తీసి జబ్బు తీవ్రతను అంచనా వేయడం, పుట్టకముందే రక్తం ఎక్కించడం వంటి పనులను వైద్యులు చాలావరకు ఈ ఒక్క జబ్బు మీదే నేర్చుకున్నారు. అయితే జబ్బును నిజంగా అణచింది వీటిలో ఏదీ కాదు. కాన్పయ్యాక తల్లికి వేసే ఒక ఇంజెక్షన్ ఆ పని చేసింది. అది అందని చోట మిగతా విద్యలన్నీ, ఎంత గొప్పవైనా, ఆలస్యంగా వచ్చే సాయమే.

ఎర్ర రక్తకణాల పైపొర మీద ‘డి’ అనే ప్రొటీన్ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. డి లేని తల్లి కడుపులో, తండ్రి నుంచి డి తెచ్చుకున్న బిడ్డ పెరుగుతుంది. మాయ ఇద్దరి రక్తాలనూ వేరుగా ఉంచుతుంది కాబట్టి మొదటి కాన్పు దాకా సాధారణంగా గొడవ ఉండదు. కానీ మాయ విడివడే సమయంలో బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి శరీరం ఆ కణాలను పరాయివిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేయడం మొదలుపెడుతుంది. అవి పదునెక్కేసరికి మొదటి బిడ్డ ఉయ్యాల్లో ఉంటుంది. రెండోసారి గర్భం వచ్చినప్పుడు, అది పాజిటివ్ బిడ్డే అయితే, సిద్ధంగా ఉన్న ఆ యాంటీబాడీలు మాయను దాటి వెళ్లి బిడ్డ ఎర్రకణాలను నాశనం చేస్తాయి. తల్లి రోగనిరోధక శక్తిని బిడ్డకు చేరవేయడానికి మాయలో ఉన్న దారే ఇక్కడ శత్రువుకు దారి అవుతుంది.

రక్తం విరుగుతున్న కొద్దీ బిడ్డ కాలేయం, ప్లీహం కొత్త కణాలు తయారుచేసే పనిలో పడి ఉబ్బుతాయి. రక్తహీనత ముదిరితే గుండె అలసిపోతుంది. పొట్టలో, ఛాతీలో, చర్మం కింద నీరు చేరుతుంది. ఆ దశ దాటితే బిడ్డ దక్కడం కష్టం. ప్రాణాలతో పుట్టిన బిడ్డకు రెండో గండం కామెర్లు. కడుపులో ఉన్నంతకాలం, విరిగిన రక్తం నుంచి వచ్చే బిలిరుబిన్ మాయ గుండా తల్లి కాలేయానికి చేరి బయటికి పోయేది. పుట్టాక ఆ భారం బిడ్డ పసి కాలేయం మీదే పడుతుంది. అది మోయలేకపోతే బిలిరుబిన్ మెదడులో చేరి వినికిడినీ కదలికలనూ దెబ్బతీస్తుంది.

నెగెటివ్ తల్లులందరికీ ఇలా జరగదు. ఏ ఇంజెక్షనూ లేని రోజుల్లో, తల్లీబిడ్డల ఏబీఓ గ్రూపులు కుదిరిన పాజిటివ్ కాన్పుల్లో ఒక్కో కాన్పుకు సుమారు 16 శాతం తల్లుల్లో యాంటీబాడీలు పుట్టేవి. ఏబీఓ కుదరకపోతే, ఉదాహరణకు ‘ఓ’ గ్రూపు తల్లికి ‘ఏ’ గ్రూపు బిడ్డ అయితే, అది 2 శాతానికి పడిపోయేది. ‘ఓ’ గ్రూపు తల్లి రక్తంలో సహజంగానే ఉండే ‘ఏ’-వ్యతిరేక యాంటీబాడీలు బిడ్డ కణాలను రాగానే తుడిచేస్తాయి, డి ప్రొటీన్‌ను గమనించే వ్యవధే తల్లి శరీరానికి దొరకదు. ఈ చిన్న పరిశీలనే తర్వాతి కాలంలో మందుకు బీజమైంది.

జబ్బును గుర్తించడానికే చాలాకాలం పట్టింది. నీరు పట్టి చనిపోయే శిశువులు, తీవ్రమైన కామెర్లతో పుట్టేవారు, పుట్టాక పాలిపోయేవారు వేర్వేరు జబ్బుల బాధితులని అందరూ అనుకునేవారు. ఈ మూడూ ఒకే జబ్బు తాలూకు మూడు రూపాలని 1932లో అమెరికాలో డైమండ్, బ్లాక్‌ఫాన్, బేటీ చెప్పారు. 1939లో ఫిలిప్ లెవిన్, రూఫస్ స్టెట్సన్ ఒక కేసును నివేదించారు. మృతశిశువును కన్న ఒక మహిళకు భర్త రక్తం ఎక్కించగా ఒళ్లంతా తిరగబడింది, ఇద్దరిదీ ‘ఓ’ గ్రూపే అయినా. మరుసటి ఏడాది లాండ్‌స్టైనర్, వీనర్ ఆర్‌హెచ్ కారకాన్ని వెల్లడించారు. నెగెటివ్ తల్లి, పాజిటివ్ బిడ్డ జతే ఈ జబ్బుకు కారణమని 1941 నాటికి లెవిన్ ముడి విప్పేశారు. 1945లో కేంబ్రిడ్జ్‌లో కూంబ్స్ బృందం, తల్లి రక్తంలో ఈ యాంటీబాడీలు ఉన్నాయో లేవో తేల్చే పరీక్ష ఇచ్చింది. మన ల్యాబుల్లో ‘ఐసీటీ’ అని రాసే పరీక్ష అదే. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు సిరలోకి సన్నని గొట్టం పంపి రక్తం మొత్తం మార్చే పద్ధతి ఆ దశకం చివరికి స్థిరపడింది. దాంతో పుట్టిన బిడ్డలు చాలామంది బతికారు.

పుట్టేదాకా ఆగలేని బిడ్డల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. మాంచెస్టర్‌లో డగ్లస్ బెవిస్ 1950ల్లో ఉమ్మనీటిని సూదితో తీసి చూశారు. బిడ్డ రక్తం ఎంత విరుగుతుంటే నీరు అంత పచ్చబడుతుంది. న్యూజిలాండ్‌లో ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో విలియం లైలీ ఆ పచ్చదనాన్ని అంకెగా మార్చారు. 450 నానోమీటర్ల కాంతిని ఆ నీరు ఎంత పీల్చుకుంటుందో కొలిచి, గర్భం వారాలను బట్టి మూడు మండలాలుగా గీసిన ఆయన పటం నలభై ఏళ్ల పాటు ప్రపంచమంతా వాడారు. పై మండలంలోకి వచ్చిన బిడ్డ త్వరలో చనిపోతుందని పటం కచ్చితంగానే చెప్పేది. 32 వారాలు దాటితే ముందుగా కాన్పు చేయవచ్చు. 26వ వారంలో అదే మాట చెబితే చేయగలిగేదేమీ లేదు. పరీక్ష ఉండి చికిత్స లేకపోవడమంటే చెడు వార్తను ముందుగా వినడమే.

లైలీ చేసిన పనిని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే అప్పటికి గర్భిణులకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ మామూలు వాడుకలోకి రాలేదు. ఉమ్మనీరు తీస్తున్నప్పుడు ఒక్కోసారి సూది పొరపాటున బిడ్డ పొట్టలోకి పోయేది, అయినా బిడ్డకు ఏమీ అయ్యేది కాదు. ఆఫ్రికాలో సికిల్ సెల్ పిల్లలకు సిర దొరకనప్పుడు పొట్ట లోపలి పొరల మధ్య రక్తం వదిలితే అది మెల్లగా రక్తంలో కలిసిపోతుందన్న సంగతి కూడా ఆయన చెవిన పడింది. రెండూ కలిపితే దారి కనిపించింది. ముందు ఉమ్మనీటిలోకి ఎక్స్‌రేలో కనిపించే రంగుమందు ఎక్కించారు. బిడ్డ ఆ నీటిని మింగుతుంది కాబట్టి, కొన్ని గంటల తర్వాత ఎక్స్‌రే తీస్తే పేగులు తెల్లగా మెరుస్తాయి. ఆ మెరుపే గురి. తల్లి పొట్ట మీదుగా, గర్భాశయం మీదుగా పొడవాటి సూదిని బిడ్డ పొట్టలోకి దించి, దానిగుండా సన్నని గొట్టం పంపి, చిక్కటి నెగెటివ్ రక్తాన్ని నెమ్మదిగా వదిలారు. మొదటి ముగ్గురు దక్కలేదు. 1963 సెప్టెంబరు 20న చేసిన నాలుగో ప్రయత్నంలో బిడ్డ బతికింది. గర్భంలో ఉండగానే ఒక మనిషికి చికిత్స చేయవచ్చని వైద్య ప్రపంచం నమ్మింది ఆ రోజు నుంచే.

ఉమ్మనీటి పరీక్ష మన దేశానికి వచ్చాక పట్టిన దారి వేరు. 1970, 80ల్లో అది జబ్బు కంటే ఎక్కువగా ఆడపిల్లను కనిపెట్టే సాధనంగా పేరు తెచ్చుకుంది. 1988లో మహారాష్ట్ర చట్టం, 1994లో దేశమంతటికీ వర్తించే లింగనిర్ధారణ నిషేధ చట్టం ఆ దుర్వినియోగం వల్లే వచ్చాయి. ఇప్పుడు స్కానింగ్ గది గోడ మీద కనిపించే హెచ్చరిక బోర్డు వెనక ఉన్న కథ అదే.

లైలీ సూది దించుతున్న రోజుల్లోనే, అసలు యాంటీబాడీలే పుట్టకుండా చేస్తే ఎలా ఉంటుందని లివర్‌పూల్‌లో ఇంకో బృందం ఆలోచిస్తోంది. దాని పెద్ద సిరిల్ క్లార్క్. వృత్తిరీత్యా వైద్యుడు, మనసంతా సీతాకోకచిలుకల మీద. వాటి రెక్కల మీది రంగుల జన్యువులు తరాల్లో ఎలా దిగివస్తాయో చూస్తూ, అదే తీరులో కలిసికట్టుగా దిగివచ్చే మానవ జన్యువుల కోసం వెతికి ఆర్‌హెచ్ దగ్గరికి వచ్చారు. ఆయన శిష్యుడు రోనాల్డ్ ఫిన్ 1960లో ఒక ఆలోచన బయటపెట్టారు. ఏబీఓ తేడా ఉన్నప్పుడు ప్రకృతి బిడ్డ కణాలను తుడిచేస్తోంది కదా, కాన్పు కాగానే డి-వ్యతిరేక యాంటీబాడీని మనమే తల్లికి ఎక్కించి ఆ పని చేయవచ్చు కదా అని. ఏ యాంటీబాడీ పుడుతుందని భయపడుతున్నారో దాన్నే సూదిమందుగా ఇవ్వడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. న్యూయార్క్‌లో విన్సెంట్ ఫ్రీడా, జాన్ గోర్మన్, విలియం పోలాక్ వేరే దారిలో అదే చోటికి వచ్చారు. ఒక విషంతో పాటు దాని విరుగుడును మోతాదు మించి ఇస్తే శరీరం సొంతంగా విరుగుడు తయారుచేసుకోదని 1909లోనే థియోబాల్డ్ స్మిత్ గమనించి ఉన్నారు, వారు పట్టుకున్నది ఆ దారే.

న్యూయార్క్ బృందం సింగ్ సింగ్ జైలులోని నెగెటివ్ గ్రూపు ఖైదీల మీద ప్రయోగాలు చేసింది. స్వచ్ఛందంగా వచ్చారన్నారు, కానీ ఖైదీ ‘సరే’ అనడంలో ఎంత స్వేచ్ఛ ఉంటుందన్న ప్రశ్న ఇప్పటి నైతిక సంఘాలు తప్పక అడుగుతాయి. ఇంజెక్షన్ 72 గంటల్లోపు వేయాలని ప్రతి ప్రసూతి వార్డులో చెప్పే నియమం అక్కడి నుంచే వచ్చింది. జైలు అధికారులు పరిశోధకులను మూడు రోజుల విరామంతోనే లోపలికి రానిచ్చేవారు. ఆ విరామంలో వేసినా మందు పనిచేసింది, అంకె పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నాలుగో రోజున మందు పనిచేయడం మానేస్తుందని ఎవరూ నిరూపించలేదు. 72 గంటలు దాటిపోతే ఇక లాభం లేదని ఊరుకోవడం తప్పు. 28 రోజుల దాకా వేయవచ్చని అమెరికా ప్రసూతి వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గవచ్చు, అంతే.

1968లో ఈ డి-వ్యతిరేక మందుకు, అంటే యాంటీ-డి ఇంజెక్షన్‌కు, అనుమతి వచ్చింది. యాంటీబాడీలు పుట్టే ముప్పు 16 శాతం నుంచి రెండు శాతానికి దిగింది. మిగిలిన ఆ కొద్దిమందిలో గర్భం ఉండగానే, చివరి నెలల్లో, బిడ్డ రక్తం తెలియకుండా కలుస్తోందని కెనడాలోని విన్నిపెగ్‌లో జాన్ బౌమన్ చూపించి, 28వ వారంలో కూడా ఒక ఇంజెక్షన్ వేయాలన్నారు. అది చేర్చాక ముప్పు వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి పరిమితమైంది. ప్రసూతి వైద్యంలో ఇంత తక్కువ శ్రమతో ఇంత పెద్ద ఫలితం ఇచ్చిన మందులు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. వింత ఏమిటంటే, అది ఎలా పనిచేస్తుందో ఈనాటికీ పూర్తిగా తెలియదు. వేసే మోతాదు బిడ్డ కణాల మీది డి స్థానాల్లో కొద్దిభాగాన్నే కప్పుతుంది, అయినా తల్లి శరీరం మౌనంగా ఉండిపోతుంది.

ఈ మందు ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపితే తయారయ్యేది కాదు. యాంటీ-డి ఎక్కువగా ఉన్న మనుషుల ప్లాస్మా నుంచి తీయాలి. మొదట్లో ఆ దాతలు చాలావరకు ఈ జబ్బు వల్ల బిడ్డలను పోగొట్టుకున్న తల్లులే. మందు ఫలించిన కొద్దీ అలాంటి తల్లులు తగ్గారు, దాతలూ తగ్గారు. ఇప్పుడు నెగెటివ్ గ్రూపు వాలంటీర్లకు కావాలనే కొద్దిగా పాజిటివ్ రక్తం ఎక్కించి యాంటీబాడీలు పుట్టిస్తారు. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ 2018 దాకా 1,173 సార్లు దానం చేసి 2025లో కన్నుమూశారు. మనుషుల ప్లాస్మా మీద ఆధారపడటంలో ప్రమాదమూ ఉంది. 1970ల చివర్లో ఐర్లండ్‌లో హెపటైటిస్ సి సోకిన ప్లాస్మాతో యాంటీ-డి తయారైంది. కాన్పయి ఆరోగ్యంగా ఇంటికి వెళ్లిన వెయ్యి మందికి పైగా తల్లులకు ఆ వైరస్ అంటింది. సంగతి 1994లో గానీ బయటపడలేదు. భారత్‌లో ప్లాస్మా అవసరం లేని మోనోక్లోనల్ యాంటీ-డి కూడా వాడుకలో ఉంది.

ఇక యాంటీబాడీలు పుట్టేసిన తల్లుల మాట. వారికి ఇంజెక్షన్ పనికిరాదు, బిడ్డను కనిపెట్టుకుని ఉండటమే మార్గం. ఇక్కడ 2000లో పెద్ద మార్పు వచ్చింది. రక్తం పల్చబడితే గుండె దాన్ని వేగంగా తోస్తుంది, ఆ వేగం మెదడుకు వెళ్లే నడి ధమనిలో స్పష్టంగా కనిపిస్తుంది. స్కానింగ్ డాక్టర్ బిడ్డ తలను అడ్డంగా చూపే దృశ్యం పట్టుకుని, రక్తం పరుగును రంగుల్లో చూపే డాప్లర్ పెట్టి, ఆ ధమని మొదలయ్యే చోట గుర్తు ఉంచుతారు. శబ్ద తరంగం ధమనికి సూటిగా, కోణం సున్నాకు దగ్గరగా ఉండాలి. కోణం తప్పితే అంకె తప్పుతుంది. బిడ్డ ఊపిరి కదలికలు చేస్తున్నా, కాళ్లూ చేతులూ ఆడిస్తున్నా ఆగి మళ్లీ కొలవాలి. 28 వారాల బిడ్డలో మధ్యస్థ వేగం సెకనుకు దాదాపు 37 సెంటీమీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 55 దాటితే రక్తహీనత తీవ్రంగా ఉందని అనుమానించాలి. 111 మంది గర్భస్థ శిశువుల మీద జియాన్‌కార్లో మారి అనే వైద్యుడి బృందం 2000లో చేసిన అధ్యయనంలో, మధ్యస్థ స్థాయి నుంచి తీవ్రస్థాయి దాకా రక్తహీనత ఉన్న బిడ్డ ఒక్కటీ తప్పిపోలేదు. 12 శాతం మంది విషయంలో మాత్రం లేని రక్తహీనతను ఉన్నట్లు చూపింది.

2006లో ఉమ్మనీటి పరీక్షను, డాప్లర్‌ను పక్కపక్కన పెట్టి చూసిన అంతర్జాతీయ అధ్యయనంలో సూది లేని పద్ధతే మెరుగని తేలింది. జబ్బును పట్టుకోవడంలో డాప్లర్ 88 శాతం, ఉమ్మనీరు 76 శాతం. డాప్లర్‌ను మెచ్చడానికి కారణం ఈ అంకెలొక్కటే కాదు. సూది గుచ్చిన ప్రతిసారీ బిడ్డ రక్తం ఇంకొంచెం తల్లిలో కలిసి యాంటీబాడీలు మరింత పెరిగేవి, అంటే పరీక్షే జబ్బును పెంచేది. పైగా కెల్ అనే మరో రక్తకణ ప్రొటీన్ మీద పుట్టే యాంటీబాడీలు బిడ్డ కణాలను విరిచేయడం కంటే, అవి పుట్టే చోటనే అణచివేస్తాయి. విరగనప్పుడు ఉమ్మనీరు పచ్చబడదు. బిడ్డ ప్రమాదంలో ఉన్నా, అంతా బాగుందని లైలీ పటం చెబుతుంది. డాప్లర్ కొలిచేది రక్తం పల్చదనాన్ని కాబట్టి కారణం ఏదైనా పట్టుకుంటుంది.

అనుమానం ఖాయమైతే రక్తం ఎక్కిస్తారు, ఇప్పుడు పొట్టలోకి కాదు, నేరుగా బొడ్డుతాడు సిరలోకి. లండన్‌లో చార్లెస్ రోడెక్ 1981లో గర్భాశయంలోకి సన్నని దుర్భిణి పంపి ఈ దారి తెరిచారు. పారిస్‌లో డఫోస్ బృందం 1983లో అల్ట్రాసౌండ్ గురితో దాన్ని సులువు చేసింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ కేంద్రంలో 2001 తర్వాత ఈ చికిత్స పొందిన బిడ్డల్లో బతికినవారు 97 శాతం, అంతకుముందు 88.6 శాతం. బతికినవారు ఎలా పెరిగారన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. అక్కడే 291 మంది పిల్లలను ఏళ్ల తర్వాత పరీక్షించిన అధ్యయనంలో 4.8 శాతం మందిలో నాడీ సంబంధమైన ఎదుగుదల లోపాలు కనిపించాయి. నీరు చేరిన తర్వాత చికిత్స మొదలైన బిడ్డల్లో ఆ ముప్పు ఎక్కువ. ఇంత మంచి ఫలితాలు చేయి తిరిగిన కేంద్రాలవి. జబ్బు అరుదైన కొద్దీ ఈ సూది పట్టే అనుభవం ఉన్న వైద్యులూ అరుదవుతారు. అందుకే చిన్న దేశాలు దేశం మొత్తానికి ఒకే కేంద్రాన్ని పెట్టుకుంటున్నాయి.

తల్లి రక్తం నుంచే బిడ్డ సమాచారం తెలుసుకునే మార్గం 1997లో దొరికింది. డెన్నిస్ లో ఆక్స్‌ఫర్డ్‌లో, ఆపై హాంకాంగ్‌లో పనిచేసిన వైద్యుడు. బిడ్డ కణాల కోసం తల్లి రక్తంలో ఏళ్ల తరబడి వెతికి విసిగి, అందరూ పారేసే ప్లాస్మాలో చూద్దామనుకున్నారు. దాన్ని అయిదు నిమిషాలు మరిగించి పరీక్షించారు. నూడుల్స్ వండుకునే అలవాటే ఆ ఉపాయం ఇచ్చిందని ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పుకున్నారు. మగబిడ్డను మోస్తున్న 30 మందిలో 24 మంది ప్లాస్మాలో వై క్రోమోజోమ్ ముక్కలు దొరికాయి. ఆడబిడ్డను మోస్తున్న 13 మందిలో ఒక్కరిలోనూ దొరకలేదు. మరుసటి ఏడాదే ఆయన బృందం అదే పద్ధతిలో బిడ్డ డి పాజిటివా నెగెటివా అన్నది తేల్చింది. తర్కం సులువు. తల్లికి డి జన్యువు లేదు కాబట్టి ఆమె రక్తంలో అది కనిపిస్తే బిడ్డదే. డౌన్ సిండ్రోమ్ వంటి వాటికి ఇప్పుడు నగరాల్లో చేస్తున్న ‘ఎన్ఐపీటీ’ కూడా ఈ ఆవిష్కరణ బిడ్డే. దాని ఫలితం అనుమానం మాత్రమే, తీర్పు కాదు. నిర్ధారణకు ఉమ్మనీటి పరీక్ష వంటిది ఇప్పటికీ తప్పదు.

నెదర్లాండ్స్ 2011 నుంచి ప్రతి నెగెటివ్ గర్భిణికీ 27వ వారంలో ఈ డి జన్యు పరీక్ష చేస్తోంది. బిడ్డ కూడా నెగెటివ్ అయితే ఇంజెక్షన్ అక్కర్లేదు. 25,789 మంది మీద లెక్క తీస్తే, పాజిటివ్ బిడ్డలను పట్టుకోవడంలో కచ్చితత్వం 99.94 శాతం. యూరప్‌లో నెగెటివ్ తల్లుల్లో దాదాపు 40 శాతం మంది మోసేది నెగెటివ్ బిడ్డనే. అంతమందికి అనవసరంగా మనిషి ప్లాస్మా నుంచి తీసిన మందు వేయకుండా ఆగవచ్చు.

ఈ లెక్కను ఉన్నదున్నట్లు ఇక్కడికి తేకూడదు. యూరప్‌లో నెగెటివ్ గ్రూపువారు 15 శాతం దాకా ఉంటారు, భారత్‌లో సుమారు 5 శాతం. రెండు డి జన్యువులూ లేనివారే నెగెటివ్. నెగెటివ్‌లు 5 శాతం అంటే, జనాభాలో డి లేని జన్యువు వాటా ఆ భిన్నానికి వర్గమూలం, అంటే దాదాపు 22 శాతం. నెగెటివ్ తల్లి ఎప్పుడూ లేని జన్యువునే ఇస్తుంది కాబట్టి, బిడ్డ నెగెటివ్ కావడం తండ్రి వైపు జన్యువు మీదే ఆధారపడుతుంది. అంటే మన దగ్గర నూరు మంది నెగెటివ్ తల్లుల్లో 22 మందికి మాత్రమే ఇంజెక్షన్ తప్పుతుంది, 78 మందికి ఎలాగూ కావాలి. పరీక్ష ఖర్చు నూరు మందికీ పెట్టడం కంటే అందరికీ ఇంజెక్షన్ వేయడమే ఇక్కడ తెలివైన పని. అప్పటికే యాంటీబాడీలు ఉన్న తల్లి విషయం వేరు. ఆమె కడుపులో బిడ్డ నెగెటివ్ అని 12, 15 వారాల్లోనే తెలిస్తే నెలల తరబడి డాప్లర్ స్కాన్లూ, భయమూ రెండూ తప్పుతాయి. పరీక్షకు అసలు విలువ అక్కడ ఉంది.

గర్భస్రావాల దగ్గర పరిశోధకులే రెండుగా చీలారు. 12 వారాల లోపు గర్భస్రావమైతే యాంటీ-డి అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. 506 మంది మీద చేసి 2023లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో, తొలి మూడు నెలల్లో తల్లి రక్తంలో కలిసే బిడ్డ కణాలు దాదాపు అందరిలోనూ ప్రమాద పరిమితికి దిగువనే ఉన్నాయి. 2024లో అమెరికాలో ప్రసూతి వైద్యుల ప్రధాన సంఘం ఆ వైపు మొగ్గితే, హైరిస్క్ గర్భాల నిపుణుల సంఘం పాత పద్ధతే కొనసాగించమంది. యాంటీబాడీలు పుడితే పూడ్చుకోలేని నష్టం కాబట్టి రెండో వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. మన దేశంలో ఈ చర్చకు ఇంకో ముఖం ఉంది. 2015లో దేశంలో జరిగిన 1.56 కోట్ల గర్భస్రావాల్లో 1.15 కోట్లు ఆసుపత్రి బయట, మాత్రలతో జరిగాయని ఒక ప్రామాణిక అంచనా. మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కున్న అమ్మాయికి తన గర్భం ఎన్ని వారాలదో కచ్చితంగా తెలియకపోవచ్చు, గ్రూపు అడిగేవారు అసలే ఉండరు.

యాంటీబాడీలు పుట్టేసిన వారికి కొత్త ఆశ నిపోకాలిమాబ్. యాంటీబాడీలను మాయ దాటించే గ్రాహకాన్ని ఇది మూసేస్తుంది. 2024లో వెలువడిన ఫలితాల్లో, అంతకుముందు కాన్పులో తొలి నెలల్లోనే బిడ్డను ఈ జబ్బు దెబ్బతీసిన 13 మంది గర్భిణులకు 14వ వారం నుంచి 35వ వారం దాకా ప్రతి వారం మందు ఎక్కించారు. ఏడుగురు 32 వారాలు దాటాక, కడుపులో రక్తం ఎక్కించే అవసరం రాకుండానే ప్రాణాలతో ఉన్న బిడ్డను కన్నారు. ఇలాంటి చరిత్ర ఉన్నవారిలో మామూలుగా అది పది శాతానికి మించదు. సంఖ్య చిన్నది, పెద్ద అధ్యయనం తేల్చాలి. 13 మందిని సమకూర్చుకోవడానికే పలు దేశాల ఆసుపత్రులు కలవాల్సి వచ్చింది, ఆ దేశాల్లో ఇంజెక్షన్ అంతగా పనిచేసింది మరి. ప్రపంచం మొత్తం మీద చూస్తే యాంటీ-డి అవసరమైన తల్లుల్లో దాదాపు సగం మందికి అది ఇప్పటికీ అందడం లేదని అంచనా.

భారత్‌లో ఏటా రెండు కోట్లకు పైగా కాన్పులు జరుగుతాయి. అందులో 5 శాతం అంటే పది లక్షలకు పైగా నెగెటివ్ తల్లులు. యాంటీ-డి దేశ అత్యవసర మందుల జాబితాలో ఉంది. గర్భిణికి మొదటి పరీక్షల్లోనే గ్రూపు చూస్తారు. 2016 నుంచి ప్రతి నెల 9న సర్కారు ఆసుపత్రుల్లో జరిగే గర్భిణుల శిబిరాల్లో హైరిస్క్ అని తేలితే కార్డుకు ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. కాగితం మీద ఏ లోటూ లేదు. తెలుగు కుటుంబాల్లో మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. గర్భిణి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఊరు మారుతుంది. ఏడో నెలైతే, సరిగ్గా 28 వారాల ఇంజెక్షన్ వేయాల్సిన రోజుల్లో ఒక ఆసుపత్రి వదిలి ఇంకో ఆసుపత్రికి వెళుతుంది. అక్కడివారు వేశారని ఇక్కడివారు, ఇక్కడివారు వేస్తారని అక్కడివారు అనుకునే వీలు ఉంది. కాన్పు రాత్రివేళ అయితే బిడ్డ బొడ్డుతాడు రక్తం గ్రూపు చూసేదాకా ఆగాలి, ఇంజెక్షన్ స్టాకు లేకపోతే బయట కొనుక్కోవాలి. మూడో రోజుకే ఇంటికి పంపే చోట ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం.

రెండో కాన్పు సాధారణంగా మెట్టినింటి ఊళ్లో. అక్కడి డాక్టర్ మొదటి కాన్పు గురించి అడిగితే ‘ఏదో సూది వేశారు’ అన్న జవాబు వస్తుంది. అది టెటనస్ ఇంజెక్షన్ కూడా కావచ్చు. ఐసీటీ నెగెటివ్ వస్తే సరే, 28 వారాలకు మళ్లీ చేయించి ఇంజెక్షన్ వేస్తారు. పాజిటివ్ వస్తే పలుచన చేస్తూ బలం కొలుస్తారు. 16 లేదా 32 రెట్లు పలచబరిచినా ఇంకా చర్య కనిపిస్తే, 16 నుంచి 18 వారాల మధ్య మొదలుపెట్టి వారానికో రెండు వారాలకో డాప్లర్ చూడాలి. గతంలో బిడ్డ ఈ జబ్బుతో బాధపడి ఉంటే అంకె ఎంతైనా స్కాన్లు తప్పవు. అన్నిటికంటే తికమక పెట్టేది నెలలు నిండుతుండగా కనిపించే బలహీనమైన పాజిటివ్. 28వ వారంలో వేసిన యాంటీ-డి కూడా ఐసీటీలో అలాగే కనిపిస్తుంది. వేసిన తేదీ కార్డు మీద రాసి ఉంటే ఒక్క చూపులో తేలిపోయే సంగతి ఇది. లేకపోతే ఆ యాంటీబాడీ మందుదో, తల్లి శరీరానిదో తెలియడానికి, అంకె తగ్గుతోందా పెరుగుతోందా అని వారాల తరబడి మళ్లీ మళ్లీ రక్తం తీసి చూడాల్సి వస్తుంది.